కాలువ తవ్వించిన పాస్టరు

మన హనుమాన్ జంక్షన్ నుంచి హైవే మీద విజయవాడ, గుంటూరు దాటి ఒంగోలు వైపు వెళ్తుంటే మద్దిపాడు దగ్గర గుండ్లకమ్మ వస్తుంది. ఆ ఏటి ఒడ్డున వెల్లంపల్లిలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య చాలా పుస్తకాల్లో ఉంటుంది. అంతకుముందు దాదాపు పదిహేను నెలలు అక్కడి పాస్టరు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదన్న సంగతి మాత్రం తక్కువమందికి తెలుసు.

ఆయన పేరు జాన్ ఎవరెట్ క్లౌ. 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. పాస్టరు కాకముందు మిన్నెసోటాలో భూములు కొలిచిన సర్వేయరు. అంటే మన సివిల్ బ్రాంచి వాళ్ళకి సీనియర్ అన్నమాట! 1865లో నెల్లూరు వచ్చి, మరుసటి ఏడు ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం మొదలైంది.

ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద అప్పటికే క్రీస్తును నమ్మాడు. ఆ జనవరిలోనే ఆయన ఊళ్ళో 28 మంది చేరారు. క్లౌ బడికి పెద్దకులాల పిల్లలు కూడా వచ్చేవాళ్ళు. మాదిగల్ని చేర్చుకుంటే వాళ్ళు బడి మానేస్తారని తేలిపోయింది. క్లౌ మాదిగల్నే ఎంచుకున్నాడు. పిల్లలు నిజంగానే వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 78 దాకా పల్లెలు ఎండిపోయాయి. కరువు పనిగా ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. అందులో మూడున్నర మైళ్ళు క్లౌ కాంట్రాక్టు తీసుకున్నాడు. పాత సర్వే విద్య అక్కరకొచ్చింది. సంఘ బోధకులే మేస్త్రీలయ్యారు. వేలమంది మట్టి తవ్వి, మోసి, కూలి డబ్బుతో బతికారు.

పని చేస్తూనే చాలామంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఒప్పుకోలేదు. కూలి ఇచ్చే చెయ్యీ, బాప్తిస్మం ఇచ్చే చెయ్యీ ఒకటే అయితే, వచ్చినవాడు ఆకలితో వచ్చాడో నమ్మకంతో వచ్చాడో ఎలా తెలుస్తుంది? సాయం డబ్బులు అయిపోయాక, ఇక ఇవ్వడానికేమీ లేదని చెప్పాక కూడా జనం వెల్లంపల్లికి వచ్చారు. అప్పుడే ఒప్పుకున్నాడు. ఆ రోజు నీళ్ళలో నిలబడింది ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులేసుకుని. క్లౌ ఏర్పాట్లు చూసుకున్నాడు.

అన్నం కోసం చేరారన్న మాట ఆ తర్వాతా వినిపించింది. కానీ కరువు పోయాక కూడా ఆ సంఘం పెరుగుతూనే ఉంది. కొన్నేళ్ళలో 20,000 దాటింది. పల్లెపల్లెకీ నడిచి దాన్ని నిలబెట్టింది పేరయ్య లాంటి తెలుగు బోధకులే.

క్లౌ 1910లో అమెరికాలో చనిపోయాడు. ఒంగోల్లో ఆయన పేరుతో ఆసుపత్రి కట్టారు. ఈసారి అటు వెళ్తే గుండ్లకమ్మ వంతెన మీద ఒక్కసారి కిందికి చూడండి.