టైఫాయిడ్ పరీక్షకు పేరిచ్చిన డాక్టర్ వైడాల్

జ్వరం తగ్గకపోతే మన ఊళ్ళలో ఇప్పటికీ రాసే 'వైడాల్' ఒక డాక్టర్ గారి పేరు. ఫెర్నాండ్ వైడాల్ 1862లో అల్జీరియాలోని డెల్లిస్‌లో పుట్టి, పారిస్‌లో పేరున్న వైద్యుడయ్యారు. 1888లో షాంటమెస్‌తో కలిసి టైఫాయిడ్ టీకాను ఎలుకలపై ప్రయత్నించారు. రోగి సీరం కలిపితే టైఫాయిడ్ బాక్టీరియా గుంపులుగా అతుక్కుంటుందనీ, దాంతో జబ్బును గుర్తించవచ్చనీ 1896లో చూపారు. మూత్రపిండాల జబ్బులో వాపులకు ఉప్పు కారణమని కూడా తేల్చారు. 1929లో కన్నుమూశారు.

అయితే సాల్మొనెల్లా రకాల జన్యువుల్లో తేడాలున్నా, కొన్ని యాంటిజెన్లు ఒకటే. పాత జ్వరం, టీకాల వల్ల కూడా యాంటీబాడీలు ఉండవచ్చు. ఒక్క వైడాల్ పాజిటివ్‌తో టైఫాయిడ్ అని తేల్చలేం. సెలవులకు ఇండియా వెళ్ళినప్పుడు జ్వరం వస్తే, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ గురించి డాక్టర్‌ని అడగండి.