మల్కిభరాముఁడు

మన బాలాపూరునకు వాయవ్యమున నున్న గోలకొండను 1550 మొదలు 1580 వఱకు ఇబ్రహీం కుతుబ్ షా యేలెను. అంతకు మున్ను అన్న జంషీదునకు వెఱచి యాయన యేడేండ్లు విజయనగరమున రామరాయల యాశ్రయమున నుండెను. తెలుఁగు కవిత్వముపై మక్కువ యచ్చటనే పెరిగెనని చెప్పుదురు.

రాజైన పిమ్మట మతభేద మెంచక తెలుఁగు కవులను గౌరవించెను. అద్దంకి గంగాధరకవి భారతములోని తపతీసంవరణుల కథను కావ్యముగా రచించి, సంకోచింపక యాయనకే యంకిత మిచ్చెను. కవులు ప్రేమతో నాయనను మల్కిభరాముఁ డనిరి.

1565వ సంవత్సరమున, ఆశ్రయ మిచ్చిన రామరాయలపైననే దండెత్తిన కూటమిలోఁ జేరుట చెఱపరాని మచ్చ. ఐనను, భయము నెఱిఁగిన యేలిక భయము లేని కొలువును నిలుపఁగలఁ డని మేము తలంతుము. నాటకమునకుఁ గాని పత్రికకుఁ గాని నాయకులగు మన విద్యార్థులు తోడివారికి మొదట నభయ మొసఁగుదురు గాక!