బాలుర నమ్మిన దర్శకుడు: చిత్తజల్లు పుల్లయ్యగారు

పాఠశాల వార్షికోత్సవమున చిన్నవారు గడ్డములు తగిలించుకొని ఋషులై నడచినపుడు మనము నవ్వుదుము. అట్టి పిల్లలతోడనే చలనచిత్రమును నడపించిన సాహసి పుల్లయ్యగారు.

వీరు 1898లో కాకినాడలో జన్మించిరి. మూకీల కాలముననే భక్త మార్కండేయుని కథను తెరకెక్కించిరి. 1934లో వీరు తీసిన లవకుశ ఆంధ్రదేశమున నూరూర విశేషాదరణము పొందెను. ఆ ప్రఖ్యాతితో పెద్ద నటులనే వెదకికొని యుండవచ్చును. కాని 1936లో సతీ అనసూయ, ధ్రువ విజయము అను రెండు కథలను, పెద్దల పాత్రలతో సహా, బాలబాలికలచేతనే యాడించి, ఒకే ప్రదర్శనముగ చూపించిరి. పిల్లలు తడబడినచో భక్తికథ నవ్వులపాలగును. ఆ భయమునకు వీరు వెనుదీయలేదు. పెద్దలు నవ్వుకొనుటకు చల్ మోహనరంగ, కాసులపేరు వంటి చిన్న హాస్యచిత్రములను వేరుగ తీసిరి.

సతీ అనసూయలో నటించిన బాలిక కృష్ణవేణి పెరిగి పెద్దదై, 1949లో మనదేశము చిత్రమును నిర్మించి, నందమూరి తారకరామారావుగారిని తెరకు పరిచయము చేసెను.

వార్ధక్యమున పుల్లయ్యగారు లవకుశను మరల రంగులలో నారంభించిరి. ఆటంకములు కలిగెను; ఆరోగ్యము సన్నగిల్లెను. కుమారుడు సి.ఎస్. రావుగారు దానిని పూర్తిచేయగా 1963లో విడుదలయ్యెను. తండ్రికీర్తిని తనయులు గానము చేసిన కథను, తండ్రి మొదలిడగా తనయుడు ముగించుట చిత్రము కదా! 1967లో పుల్లయ్యగారు దివంగతులైరి.

బాలలారా, మీకు పెద్దపని యప్పగించువారు మిమ్ము నమ్మినవారని యెరుగుడు. ఆ నమ్మకమును నిలుపుకొనుడు.