శరభోజి మహారాజు నేత్రవైద్యసేవ

తంజావూరు నేలిన మహారాష్ట్ర ప్రభువులలో రెండవ శరభోజి (1777-1832) పేరు సరస్వతీమహలు గ్రంథాలయముతో ముడివడి నిలిచినది. నాయకరాజుల నాటి నుండి అచ్చట చేరిన తెలుగు తాళపత్రములు మనకు దక్కుటలో ఆయన పుస్తకప్రీతికి పెద్ద పాలున్నది. కాని నేత్రరోగుల కొఱకు ఆయన చేసిన కృషి బహుకొలది మందికే తెలియును.

తుళజా మహారాజు శరభోజిని దత్తత చేసికొని, 1787లో మరణించెను. పినతండ్రి అమరసింహుడు సింహాసన మెక్కగా బాలుడు కష్టముల పాలయ్యెను. క్రైస్తవ మతబోధకుడు ష్వార్ట్జు అతనిని కాపాడి చదువు చెప్పించెను. 1798లో రాజ్యము లభించినది. మరుసటి యేడే సంధిపత్రముతో పాలనమంతయు కుంపిణీ వశమయ్యెను. ఇరువదిరెండేండ్ల ప్రాయమున ఆయన కధికారము కోట వఱకే మిగిలినది. అట్టి స్థితిలో విలాసములకు లోబడిన రాజులు పెక్కురు. శరభోజి ధన్వంతరిమహలు నెలకొల్పెను.

అందు ఆయుర్వేద, సిద్ధ, యునానీ వైద్యములతోపాటు ఐరోపా వైద్యమునకును చోటిచ్చెను. గుణమిచ్చిన యోగములను ఆస్థానకవులు తమిళ పద్యములుగా కూర్చిరి. శరభేంద్ర వైద్య ముఱైగళ్ అను ఆ గ్రంథములలో నేత్రరోగములకు ప్రత్యేకభాగమున్నది.

మన ప్రాచీనులకు నేత్రచికిత్స క్రొత్తదికాదు. సుశ్రుతసంహితలోని ఉత్తరతంత్రము 76 నేత్రరోగములను పేర్కొన్నది. త్రిఫలాకషాయముతో కన్ను కడుగుట, అంజనము దిద్దుట, ఔషధము కలిపిన నేతిని వాడుట ఆయుర్వేదమున ప్రసిద్ధములు. శుక్లము కమ్మిన కంటికి మాత్రము మందు చాలదు. మసకబారిన పొరను శలాకతో చూపునకు అడ్డురాకుండ త్రోయు విధానమును సుశ్రుతమే చెప్పినది. దానివలన కొంత వెలుగు కనబడెడిది. కన్ను చీముపట్టి చూపు పూర్తిగా పోవు ప్రమాదమును ఉండెడిది. ఎందఱికి మేలైనది, ఎందఱికి కీడైనది అను లెక్క గురుశిష్యుల నోటనే నిలిచి, వారితోనే పోయెడిది.

శరభోజి ఆ లోటును గుర్తెఱిగినట్లున్నది. చికిత్సకు వచ్చిన నేత్రరోగుల వ్యాధిస్థితిని, చేసిన చికిత్సను ఆంగ్లమున వ్రాయించెను; వారి కన్నుల చిత్రములు గీయించెను. శుక్లము తీసినది రాజేయని కొందఱందురు, ఆస్థానమందలి వైద్యులని కొందఱందురు. శస్త్ర మెవరు పట్టినను కాగితముపై పెట్టించిన ఘనత ఆయనదే.

1832 మార్చి 7న శరభోజి మరణించెను. కుమారుడు శివాజీ పుత్రులు లేక 1855లో గతించగా కుంపిణీ ఆ వంశపు రాజ్యాధికారమును రద్దుచేసెను. కన్నుల బొమ్మలున్న ఆ కాగితములు సరస్వతీమహలున నిలిచినవి.