రిటైరైన తరువాత ఇరవై తొమ్మిదేళ్ళు

ప్రత్యేక సంచికకు ఆరోగ్యం గురించి ఒక వ్యాసం కావాలని మన సంఘం సంపాదకవర్గంవారు అడిగారు. షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పుల గురించి రాయడానికి నేను డాక్టరును కాను. బళ్ళో తెలుగు చెప్పి రిటైరై రఘునాథపల్లిలో కాలం గడుపుతున్న ఉపాధ్యాయుణ్ణి. కనుక మనవంటి ఒక విశ్రాంత ఉపాధ్యాయుని జీవితం గురించి రాస్తాను. ఆయన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. వాడుకభాష కోసం పోరాడిన మనిషిగా ఆయన పేరు అందరికీ తెలుసు. ఆయన మలి జీవితమంతా చెవుడుతో గడిచిందని, మనం ఆయన్ను తలచుకొనే పనుల్లో చాలా భాగం ఉద్యోగం వదిలిన తరువాత చేసినవేనని తెలిసినవారు తక్కువ.

రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ ఉద్యోగి. ఆయన చోడవరంలో పనిచేస్తుండగా 1875లో జ్వరంతో పోయారు. అప్పటికి కొడుక్కి పన్నెండేళ్ళు. మేనమామగారింట ఉండి విజయనగరంలో చదువుకొన్నారు. గురజాడ అప్పారావుగారితో స్నేహం అక్కడిదే. 1879లో మెట్రిక్యులేషను పాసై, మరుసటి ఏడు పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ముప్పై రూపాయల జీతం మీద మాస్టరుగా చేరారు. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా కట్టి ఎఫ్.ఏ., బి.ఏ. పాసయ్యారు. సంసారం, బడి, రాత్రిపూట దీపం ముందు చదువు. మనలో చాలామందికి ఈ దారి పరిచయమే.

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలు ఉంటారు. సంతకు దిగివచ్చిన సవరల మాట ఊళ్ళోవారికి తెలియదు, ఊరివారి మాట వాళ్ళకు సరిగా తెలియదు. ఈ సందులో నష్టపోయేది ఎప్పుడూ కొండవాడే. 1890ల తొలిరోజుల్లో పంతులుగారికి ఆ భాష నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. దానికి లిపి లేదు, పుస్తకం లేదు, వ్యాకరణం లేదు. తెలుగు వచ్చిన సవరను ఇంట్లో పెట్టుకొని అతని నోట వింటూ నేర్చుకొన్నారు. తరువాత సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్ళకు జీతాలిచ్చారు. పిల్లలకు తల్లిభాషలో చదువు చెప్పాలని ఈనాడు అందరూ అంటున్న మాటను ఆయన నూరేళ్ళ క్రితమే చేసి చూపించారు. ఈ కృషికి మద్రాసు ప్రభుత్వం 1913లో బిరుదు ఇచ్చింది.

ఆ పనికి ఆయన చెల్లించిన మూల్యం జీతం డబ్బులతో తీరలేదు. మన్యంలో కాలినడకన తిరిగి తిరిగి చలిజ్వరం పట్టుకొంది. ఆ రోజుల్లో మన్యం జ్వరమంటే మనుషులు హడలిపోయేవారు. అది దోమల వల్ల వస్తుందనే సంగతి రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న కనిపెట్టేదాకా రుజువు కాలేదు. రఘునాథపల్లిలో పాసింజరు ఎక్కితే చేరుకోగల ఊళ్ళోనే అంత పెద్ద సంగతి బయటపడింది. కారణం తెలియక ముందు నుంచీ మందు మాత్రం ఉంది. సింకోనా బెరడు నుంచి 1820లో ఫ్రాన్సులో వేరుచేసిన క్వినైను. మన పెద్దలు కొయినా అనేవారు. నాలుక తెగిపోయేటంత చేదు. ఆ మందు ఎక్కువగా వాడవలసి రావడంతో పంతులుగారి వినికిడి దెబ్బతిన్నది. జ్వరం వదిలింది కాని చెవుడు ఆయన కడదాకా ఉండిపోయింది.

క్వినైను మోతాదు పెరిగితే చెవుల్లో హోరు, వినికిడి తగ్గడం డాక్టర్లకు బాగా తెలిసిన లక్షణాలు. మందు ఆపితే చాలామందికి తగ్గుతుంది. అదే పనిగా వాడవలసి వచ్చిన కొందరికి నిలిచిపోతుంది. ప్రాణం నిలిపిన మందే చెవిని తీసుకొంది. ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. ఆనాడు చలిజ్వరానికి అంతకన్న మంచి మందు లేదు.

ఒక్క నిమిషం ఆలోచించండి. గుమాస్తాకు చెవుడు వస్తే కాగితాలు చూసుకొని పని నెట్టుకు రావచ్చు. నోటి మాట తప్ప మరేమీ లేని భాషను పట్టుకొని కూర్చున్న మనిషికి చెవే పనిముట్టు. సవర భాషలో గొంతు నొక్కి పలికే ధ్వనులున్నాయి, మన తెలుగులో లేని అచ్చులున్నాయి. అటువంటి భాష కోసం తిరిగిన అడవే ఆయన చెవిని పుచ్చుకొంది. ఈ కష్టం ఎంతటిదో నాకు కొంచెం తెలుసు. మా ఇల్లు స్టేషనుకు దగ్గర. కాజీపేట వైపు పోయే గూడ్సుబండి చప్పుడు నాకు బాగానే వినబడుతుంది. మనవరాలు మెల్లగా అడిగే మాట మాత్రం అందదు. ఈ వయసు చెవుడు ఇలాగే ఉంటుంది. చప్పుడు వినబడుతుంది, మాట తెలియదు. పదిమంది కూర్చున్న చోట అందరూ నవ్వితే మనమూ నవ్వి ఊరుకొంటాం. కొన్నాళ్ళకు ఆ పదిమంది దగ్గరకు పోవడమే మానేస్తాం. మన సంఘం నెలవారీ సమావేశాలకు రావడం మానేసిన వాళ్ళలో ఇద్దరు ముగ్గురి అసలు కారణం ఇదేనని నాకు తెలుసు. మోకాళ్ళ నొప్పులని చెబుతారు.

పంతులుగారు మానలేదు. 1911లో, నలభై ఎనిమిదేళ్ళ వయసులో, ముప్పై ఏళ్ళకు పైబడిన ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. ఇక ఇంటిపట్టున ఉండి సవర నిఘంటువు రాసుకొంటే ఎవరూ కాదనేవారు కారు. కాని అప్పటికే ఇంకో పెద్ద పని తలకెత్తుకొన్నారు. స్కూళ్ళ ఇనస్పెక్టరుగా వచ్చిన ఏట్సు దొరకు ఒక సందేహం కలిగింది. తెలుగువారు మాట్లాడే భాషకూ పాఠ్యపుస్తకాల్లో రాసే భాషకూ ఇంత తేడా ఎందుకని. ఆ సందేహం నుంచి మొదలైన ఉద్యమంలో ఏట్సుతో పాటు గురజాడ, గిడుగు, పి.టి. శ్రీనివాస అయ్యంగారు నిలిచారు. అటువైపు జయంతి రామయ్య పంతులుగారి వంటి ఉద్దండులు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఉన్నారు.

సభల్లో వాదోపవాదాలు జరిగే ఉద్యమం అది. ఎదుటివారి మాట సరిగా వినబడని మనిషి అందులో ఎలా నెగ్గుకు వచ్చారని నేను చాలాసార్లు ఆలోచించాను. ఆయన పద్ధతి చూస్తే నాకు ఒకటి తోచింది. ఆయన వాదమంతా అచ్చులో ఉన్నదాని మీద నడిచింది. సభలకు పుస్తకాలు మోసుకొని వెళ్ళేవారు. పాత కావ్యాల నుంచి, శాసనాల నుంచి, గ్రాంథికం కావాలనే పండితులు స్వయంగా రాసిన గ్రంథాల నుంచి ప్రయోగాలు ఎత్తి చూపేవారు. వ్యాకరణం ప్రకారం రాయాలనే వారికే ఆ వ్యాకరణం పట్టుబడలేదని పుట తిప్పి చూపిస్తే ఇక వినవలసింది ఏముంటుంది? చెవి చేయలేని పనిని కంటికి అప్పగించారు. వ్యాసాలు, ప్రభుత్వానికి మహజర్లు, పత్రికలకు ఉత్తరాలు ఎడతెగకుండా రాశారు. 1919లో తెలుగు అనే పేరుతో మాసపత్రిక పెట్టారు. అదే ఏడు వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. దానికి అధ్యక్షులు కందుకూరి వీరేశలింగం పంతులుగారు.

పెద్దతనంలో శరీరం ఒక్కటే బాధపెట్టదు. తోటివాళ్ళు ఒకరొకరే వెళ్ళిపోతారు. గురజాడవారు 1915లో యాభై మూడేళ్ళకే పోయారు. వీరేశలింగంగారు సమాజం ఏర్పడిన ఏడాదే, 1919 మే నెలలో పోయారు. ఉద్యమం బరువంతా చెవుడున్న ఈ ఒక్క మనిషి మీద పడింది. ఆయన కాడి దించలేదు. వాడుకభాషపై ఉన్న నిషేధాన్ని సాహిత్య పరిషత్తు 1924లో ఎత్తివేసింది. 1933లో ఆయనకు డెబ్బై ఏళ్ళు నిండినప్పుడు శిష్యులు, అభిమానులు పరిశోధన వ్యాసాల సంపుటం కూర్చి సమర్పించారు.

సవర పని కూడా ఆగలేదు. సవర భాష నేర్చుకొనేవారి కోసం ఆయన రాసిన పుస్తకం 1931లో వచ్చింది. సవర ఇంగ్లీషు నిఘంటువు 1938లో, ఆయనకు డెబ్బై అయిదేళ్ళప్పుడు వచ్చింది. కొడుకు గిడుగు వెంకట సీతాపతిగారు కూడా సవర నేర్చి తండ్రికి తోడయ్యారు. ఈ మాట మన పిల్లలు చదవాలని రాస్తున్నాను. తండ్రి చెవి తగ్గినప్పుడు కొడుకు ఆయన పనిలోకి వచ్చాడు.

చివరి రోజుల్లో ఇంకొక దెబ్బ తగిలింది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడిని అందులో చేర్చారు. దానికి నిరసనగా పంతులుగారు యాభై ఆరేళ్ళు కాపురమున్న ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. అప్పటికి ఆయనకు డెబ్బై మూడో ఏడు. పక్కింటికి మారాలంటేనే గుండె దడ పుట్టే వయసది. అక్కడా కలం ఆపలేదు. 1940 జనవరి 15న ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికల సంపాదకులను కలిసి, వాడుకభాషలో రాయవలసిందిగా విజ్ఞప్తి చేశారు. సరిగ్గా వారానికి, జనవరి 22న కన్నుమూశారు. ఈనాడు ఏ దినపత్రిక తెరిచినా ఆయన కోరిన తెలుగే కనబడుతుంది. నేను రాస్తున్నదీ ఆ తెలుగే.

ఇంత గొప్పవారి కథ చెప్పి, మీరూ అలాగే ఉండండి అనడం నా ఉద్దేశం కాదు. ఆయనకు లేని సదుపాయాలు మనకు ఉన్నాయి, వాటిని వాడుకోమని చెప్పడానికే ఇదంతా రాశాను. వినికిడి తగ్గిందనిపిస్తే ముందు చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించుకోవాలి. కొందరికి గుబిలి గట్టిపడి అడ్డుపడుతుంది, అది తీస్తే చాలు. పుల్లలు, పిన్నీసులు పెట్టుకోవద్దు. అది కాకపోతే ఆడియోమెట్రీ అనే పరీక్షలో ఏ చెవి ఎంత తగ్గిందో కాగితం మీద తేలుతుంది. ఉన్నట్టుండి ఒక చెవి పూర్తిగా మూసుకుపోతే రోజులు గడపకుండా వెంటనే వెళ్ళాలి. చెవిని దెబ్బతీయగల మందులు క్వినైను ఒక్కటే కాదు. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ ఇంజక్షన్లు, పెద్ద మోతాదులో ఆస్పిరిన్, నీరు తీయడానికిచ్చే కొన్ని మందులు కూడా ఆ పని చేయవచ్చు. భయపడి మందులు మీరే ఆపేయకండి. చెవిలో హోరు మొదలైతే డాక్టరుతో చెప్పండి, అంతే.

చెవి తగ్గితే పడిపోయే భయమూ పెరుగుతుంది. శరీరం తూలకుండా నిలబెట్టే యంత్రాంగం కూడా లోపలి చెవిలోనే ఉంది. మా ఊరి పక్కనే హైదరాబాదు వరంగల్ హైవే. వెనుక నుంచి వచ్చే మోటారు సైకిలు వినబడని పెద్దమనిషి రోడ్డు దాటడం చూస్తే నా ప్రాణం గుటుక్కుమంటుంది. తుంటి ఎముక విరిగిన తరువాత ఆలోచించడం కన్న ముందే చెవి చూపించుకోవడం చవక. మతిమరుపు జబ్బుకు దారితీసే కారణాల్లో, మనం దిద్దుకోగలవాటిలో, వినికిడి లోపం ఒకటని 2020లోనూ 2024లోనూ లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం చెప్పింది. తక్కువ ఆదాయం గల వృద్ధులకు వినికిడి యంత్రాలు, చేతికర్రలు ఉచితంగా ఇవ్వడానికి కేంద్రం 2017లో రాష్ట్రీయ వయోశ్రీ యోజన పెట్టింది. అర్హత ఉన్నవారికి మన సంఘం సభ్యులు ఈ మాట చేరవేయాలి.

యంత్రం పెట్టుకొన్న మొదటి వారం పళ్ళెం చప్పుడు కూడా పిడుగులా ఉంటుంది. నాకూ అలాగే ఉండింది. నెల రోజులు ఓపిక పడితే మనసు అలవాటు పడుతుంది. పెట్టెలో పడేసి చెవిటివాడిగా తిరగడం కన్న అది మేలు. కళ్ళజోడు పెట్టుకోవడానికి పడని సిగ్గు దీనికి ఎందుకు?

ఇళ్ళల్లోవారికి ఒక మాట. మాతో మాట్లాడేటప్పుడు అరవకండి. వంటింట్లో నుంచి కేకేయకండి. ఎదురుగా వచ్చి, ముఖం కనబడేలా నిలబడి, మెల్లగా చెప్పండి. టీవీ చప్పుడు తగ్గించండి. చెప్పింది మళ్ళీ అడిగితే, ఏమీ లేదులే అని వెళ్ళిపోకండి. ఆ మాట మాకు చెవుడు కంటే ఎక్కువ బాధ పెడుతుంది.

సమావేశాలకు రావడం మానేసిన మిత్రులకు నా మనవి. వచ్చే నెల రండి. ముందు వరసలో కుర్చీలు మీకోసం ఉంచమని కార్యదర్శిగారికి చెప్పాను. ఎజెండా, తీర్మానాలు ముందే కాగితం మీద రాసి ఇస్తారు. వినబడనిది చదువుకొందాం, చెప్పవలసింది గట్టిగా చెబుదాం. రామమూర్తి పంతులుగారు ఇరవై తొమ్మిదేళ్ళు చేసింది అదే.