ప్యాట్సీ క్లైన్: మందుల షాపులో సోడాలు అందించిన అమ్మాయి.. ఇప్పుడు ఆమె చిన్న ఇంటి కోసమే ఆ ఊరికి క్యూ!

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో వించెస్టర్ అనే చిన్న ఊరు ఉంది. వాషింగ్టన్‌కు పడమరగా దాదాపు 120 కిలోమీటర్ల దూరం. యాపిల్ తోటలకు ఫేమస్. కానీ కంట్రీ మ్యూజిక్ అభిమానులు అక్కడికి వెళ్లేది యాపిల్స్ కోసం కాదు. సౌత్ కెంట్ స్ట్రీట్‌లో 608 నంబర్ ఇంటి కోసం. ఒకప్పుడు ఆ వీధి పేరు చెబితే ఊళ్లో డబ్బున్నవాళ్లు చిన్నచూపు చూసేవాళ్లు. మరి ఇప్పుడు ఆ ఇంట్లో ఏముంది? ఆ కథేంటో చూద్దాం.

ఒకే గదిలో నలుగురు

ప్యాట్సీ క్లైన్ అసలు పేరు వర్జీనియా ప్యాటర్సన్ హెన్స్లీ. 1932 సెప్టెంబర్ 8న వించెస్టర్‌లోనే పుట్టింది. ఆమె టీనేజ్‌లో ఉండగానే తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. తల్లి హిల్డా బట్టలు కుట్టి ముగ్గురు పిల్లల్ని సాకింది. 1948లో వీళ్లు కెంట్ స్ట్రీట్ ఇంటికి మారారు. తల్లీపిల్లలు నలుగురూ మేడ మీద ఒకే గదిలో పడుకునేవాళ్లు.

ప్యాట్సీ చదువు మధ్యలోనే ఆపేసింది. గాంట్స్ అనే మందుల షాపులో సోడా కౌంటర్ దగ్గర పనికి కుదిరింది. పగలు అక్కడ పని, రాత్రి చుట్టుపక్కల క్లబ్బుల్లో పాటలు. సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. లోకల్ రేడియో స్టేషన్ విన్క్‌కి తనే వెళ్లి, పాడతాను అవకాశం ఇమ్మని అడిగింది. స్టేజీ మీద వేసుకునే కౌగర్ల్ డ్రెస్సులన్నీ తల్లి కుట్టినవే.

అమ్మ కుట్టిన డ్రెస్ వద్దన్నారు

1957 జనవరి 21. ఆర్థర్ గాడ్‌ఫ్రే నడిపే టీవీ టాలెంట్ షోలో ఛాన్స్ వచ్చింది. సొంతవాళ్లు పోటీదారుల్ని పరిచయం చేయకూడదన్నది అక్కడి రూల్. అయినా హిల్డా తను తల్లినన్న సంగతి దాచి మరీ కూతుర్ని పరిచయం చేసింది. షోవాళ్లు మాత్రం కౌగర్ల్ డ్రెస్ వద్దు, పార్టీ డ్రెస్ వేసుకోమన్నారు. ప్యాట్సీకి పెద్దగా నచ్చని 'వాకిన్ ఆఫ్టర్ మిడ్‌నైట్' పాటే పాడమన్నారు. ఆమె పాడింది, గెలిచింది. దేశమంతా ఆ పాట మోగిపోయింది.

అయితే డబ్బు మాత్రం రాలేదు. మొదట్లో సంతకం చేసిన కాంట్రాక్ట్ ప్రకారం ఆ కంపెనీ ఇచ్చిన పాటలే రికార్డ్ చేయాలి. ఆమె చేతికి వచ్చింది చాలా తక్కువ. ఆ కాంట్రాక్ట్ ముగిశాకే అసలు ప్యాట్సీ బయటికొచ్చింది.

పక్కటెముకల నొప్పితోనే 'క్రేజీ'

1960లో నాష్‌విల్‌లోని గ్రాండ్ ఓల్ ఆప్రీలో సభ్యురాలైంది. కంట్రీ గాయకులకు అంతకంటే పెద్ద వేదిక లేదు. 1961లో 'ఐ ఫాల్ టు పీసెస్' నంబర్ వన్ వైపు వెళ్తుండగా, జూన్ 14న ఘోర కారు ప్రమాదం. నుదుటి మీద లోతైన గాయం. ఆ మచ్చ కనపడకుండా తర్వాత విగ్గులు, మేకప్ వాడాల్సి వచ్చింది.

అయినా ఆగస్టులోనే స్టూడియోకి వచ్చేసింది. అప్పటికింకా పెద్దగా పేరు లేని విల్లీ నెల్సన్ రాసిన 'క్రేజీ' పాట అది. పక్కటెముకల నొప్పితో పైస్థాయి అందలేదు. దాంతో ఆ రోజు మ్యూజిక్ మాత్రం రికార్డ్ చేశారు. కొద్ది వారాల తర్వాత వచ్చి తన గొంతు కలిపింది. ఇప్పటికీ జనం ఆమెను గుర్తుపెట్టుకున్నది ఎక్కువగా ఆ పాటతోనే. కొత్తగా వచ్చిన లొరెట్టా లిన్ లాంటి గాయనులకు బట్టలిచ్చి, ధైర్యం చెప్పి అండగా నిలిచింది కూడా ఈమే.

ఇంటికి వెళ్లాలన్న తొందర

1963 మార్చి 3న కాన్సస్ సిటీలో ఓ షో. ప్రమాదంలో చనిపోయిన రేడియో డీజే కుటుంబానికి సాయం కోసం పెట్టింది. ప్యాట్సీ ఒంట్లో బాగోలేకపోయినా పాడింది. మర్నాడు పొగమంచుతో విమానం కదల్లేదు. కారులో వెళ్దాం రమ్మని తోటి గాయని డాటీ వెస్ట్ పిలిచినా వెళ్లలేదు. ఇంట్లో ఇద్దరు చిన్న పిల్లలు, త్వరగా చేరాలి. మార్చి 5 సాయంత్రం, వాతావరణం బాగోలేకపోయినా చిన్న విమానం బయల్దేరింది. టెనెసీలోని క్యామ్‌డెన్ దగ్గర అడవిలో కూలిపోయింది. పైలట్‌గా ఉన్న మేనేజర్‌తో పాటు నలుగురూ చనిపోయారు. అప్పటికి ప్యాట్సీ వయసు 30 ఏళ్లే.

అంత్యక్రియలకు వించెస్టర్‌కు వేలమంది తరలివచ్చారు. 1973లో ఆమెకు కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. సోలో గాయనుల్లో తొలి గౌరవం ఆమెదే. కానీ కెంట్ స్ట్రీట్ ఇల్లు మ్యూజియంగా తెరుచుకోవడానికి 2011 వరకు ఆగాల్సి వచ్చింది. అంటే ఆమె పోయాక 48 ఏళ్లు!

వెళ్తే ఏం చూడాలి?

ముందుగా ఆ ఇల్లు చూడండి. పెద్ద గాయని ఇల్లు ఇంత చిన్నదా అనిపిస్తుంది. తర్వాత ఊరి బయట షెనాండోవా మెమోరియల్ పార్క్. అక్కడ ఆమె జ్ఞాపకార్థం కట్టిన గంటల టవర్ ఉంది. సమాధి వెతికేటప్పుడు మాత్రం ఓ మాట గుర్తుంచుకోండి. క్లైన్ అనేది మొదటి భర్త ఇంటిపేరు. ఫలకం మీద పెద్దక్షరాల్లో కనిపించేది రెండో భర్త ఇంటిపేరు డిక్. అభిమానులు దాని మీద నాణేలు పెట్టి వెళ్తుంటారు.

ఆష్‌బర్న్, హెర్న్‌డన్ వైపు ఉండే మన తెలుగువాళ్లకు ఇది వీకెండ్‌లో కారేసుకుని వెళ్లొచ్చేంత దగ్గరే. మ్యూజియం ఏడాదంతా తెరిచి ఉండదు కాబట్టి, టైమింగ్స్ చూసుకుని బయల్దేరండి. దారిలో 'క్రేజీ' పాట పెట్టుకోవడం మాత్రం మర్చిపోకండి!