వివేకమే ఆయుధంగా – పాట్రిక్ బ్లాకెట్

యుద్ధమనగానే శౌర్యసాహసాలు, శస్త్రాస్త్రాలు స్ఫురిస్తాయి. కాని రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అట్లాంటిక్ మహాసముద్రంపై సాగిన పోరాటంలో శాస్త్రీయ పరిశీలన సైతం ఒక ఆయుధమైంది. ఆ పరిశీలనకు సారథ్యం వహించిన భౌతిక శాస్త్రవేత్త పాట్రిక్ బ్లాకెట్.

ఆయన 1897 నవంబరు 18న లండన్ నగరంలో జన్మించాడు. బాల్యంలోనే నౌకాదళ విద్యాలయంలో చేరి, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫాక్లాండ్, జట్లాండ్ సమరాలలో పాల్గొన్నాడు. యుద్ధానంతరం 1919లో నౌకాదళం ఆయనను కొంతకాలం చదువుకోవడానికి కేంబ్రిడ్జికి పంపింది. అక్కడి కావెండిష్ ప్రయోగశాల ఆయన మనసును హరించింది. కొలువుకు స్వస్తి చెప్పి విజ్ఞానశాస్త్రాన్ని ఆశ్రయించి, రూథర్‌ఫర్డ్‌కు శిష్యుడయ్యాడు. నత్రజని పరమాణువు ఆక్సిజన్‌గా పరివర్తన చెందడాన్ని చూపడానికి ఇరవై వేలకు పైగా ఛాయాచిత్రాలు తీశాడు. వాటిలో ఆయన వెదకిన దృశ్యం ఎనిమిదిసార్లు మాత్రమే లభించింది. ఆ ఓర్పే తరువాత యుద్ధరంగంలో ఆయనకు అక్కరకు వచ్చింది.

బ్రిటన్ ఒక ద్వీపం. ఆహారధాన్యాలు, చమురు ఓడలపై రావలసిందే. జర్మన్ జలాంతర్గాములు ఆ ఓడలను ముంచివేస్తుంటే దేశం ఉనికికే ముప్పు ఏర్పడింది. 1941లో బ్లాకెట్ తీరరక్షణ వైమానిక దళానికి శాస్త్ర సలహాదారుగా నియమితుడై, శాస్త్రజ్ఞుల బృందాన్ని కూర్చాడు. విమానాలు జారవిడిచే బాంబులు నీటిలో 100 అడుగుల లోతున పేలేవి. విమానాన్ని చూచిన జలాంతర్గామి అంత లోతుకు దిగివుంటుందని అధికారుల ఊహ. బృందంలోని విలియమ్స్ పాత దాడుల వివరాలను పరిశీలించి, ఆ ఊహలోని లోపాన్ని కనుగొన్నాడు. లోతుకు దిగిన జలాంతర్గామి ఎక్కడున్నదో తెలియదు కనుక దానిపై వేసిన బాంబు వృథా. అప్పుడే మునుగుతున్నదాని జాడ స్పష్టంగా తెలుస్తుంది. కాని దానికి బాంబు మరీ లోతున పేలుతుంది. అందుచేత పేలే లోతును క్రమంగా 25 అడుగులకు తగ్గించారు. కొత్త బాంబు లేకుండానే దాడులు ఎన్నో రెట్లు ఫలించాయి.

1942లో బ్లాకెట్ నౌకాదళ ప్రధాన కార్యాలయానికి మారాడు. రక్షకనౌకల నడుమ గుంపుగా సాగే వర్తకనౌకల సంఖ్య తక్కువైతేనే క్షేమమని నాడు భావించేవారు. గుంపు పెద్దదైనా చిన్నదైనా మునిగే ఓడల సంఖ్య ఇంచుమించు ఒక్కటేనని ఆయన బృందం లెక్కగట్టింది. వృత్తం వ్యాసార్ధం రెట్టింపైతే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. చుట్టుకొలత రెండు రెట్లే. కాపలా కాయవలసినది చుట్టుకొలతనే కదా! కనుక పెద్ద గుంపులే మేలని తేలింది. 1943లో ఈ విధానం ఆచరణలోకి వచ్చింది. రాడార్, దూరగామి విమానాలు, రహస్యలిపి ఛేదన, నావికుల తెగువ ఇందుకు తోడయ్యాయి. ఆ ఏడాది మే నెలలోనే నలభైకి పైగా జలాంతర్గాములను కోల్పోయిన జర్మనీ, ఉత్తర అట్లాంటిక్ నుండి వాటిని ఉపసంహరించుకొంది.

లెక్క చెప్పిన సత్యాన్ని పాలకులకు రుచించనప్పుడు కూడా ఆయన దాచలేదు. 1942లో జర్మన్ నగరాలలోని నివాసగృహాలపై బాంబులు కురిపించాలన్న పథకం వచ్చింది. దాని అంచనాలు అతిశయోక్తులని బ్లాకెట్ వాదించాడు. ఆ విమానాలు సముద్రంపై ఓడలను కాపాడితే ఎక్కువ ప్రయోజనమన్నది ఆయన అభిప్రాయం. ఆ మాట చెల్లలేదు. యుద్ధం ముగిశాక బ్రిటన్ అణ్వస్త్రాలు తయారుచేయరాదని చెప్పి, ప్రభుత్వ అప్రీతికి గురయ్యాడు. అయినా వెనుదీయలేదు.

విశ్వకిరణాల పరిశోధనకు 1948లో నోబెల్ బహుమతి ఆయనను వరించింది. నెహ్రూ కోరికపై స్వతంత్ర భారతదేశ రక్షణ వ్యవస్థపై ఆయన నివేదిక సమర్పించినది కూడా ఆ సంవత్సరమే. 1965 నుండి 1970 వరకు రాయల్ సొసైటీకి అధ్యక్షుడుగా వ్యవహరించి, 1974 జూలై 13న కన్నుమూశాడు.

బ్లాకెట్ ప్రోత్సహించిన ఈ పరిశీలనా పద్ధతి నేడు రవాణా, పరిశ్రమలు, వైద్యశాలల నిర్వహణలోనూ ఉపకరిస్తున్నది. అధికుల ఊహకన్న అనుభవం చూపిన లెక్క మిన్న అని నమ్మి, ఆ నమ్మకానికి మూల్యం చెల్లించడానికి సైతం సిద్ధపడిన ధీరుడాయన.